గేటు దాటాక కావలసింది దుబాసీ

రక్షణ రంగ కాంట్రాక్టు ఐటీ నుంచి ప్రైవేటు కంపెనీకి

పుదుచ్చేరి పెద్ద మార్కెట్‌ని ఆనుకుని రంగపిళ్లై వీధి ఉంది. మూర పూల బేరాలు, చేపల వాసన, స్కూటర్ల హారన్లు. ఆ గోల మధ్యే 1730ల్లో కట్టిన పాత మేడ ఒకటి నిలబడి ఉంటుంది. అది ఆనందరంగ పిళ్లై ఇల్లు. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి ఆయన 1747 నుంచి ప్రధాన దుబాసీ. దుబాసీ అంటే రెండు భాషల మనిషి. నవాబుల మాట గవర్నరుకీ, గవర్నరు మాట వర్తకులకీ ఎలా చేరిస్తే పని జరుగుతుందో తెలిసినవాడు. తెలుగువాళ్లకూ ఆయన పరాయివాడేం కాదు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి 'ఆనందరంగరాట్ఛందము' అని పేరు పెట్టింది ఈయన మీదే.

ఈ ఊరికి వచ్చిన కొత్తలో కూరల సంచీ పట్టుకుని రోజూ ఆ మేడ ముందు నుంచే నడిచేవాణ్ని. ఆయన ఉద్యోగం ఏమిటో అప్పుడు నాకు పట్టలేదు. నా ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది, అదొక్కటే బుర్రలో తిరిగేది.

హైదరాబాద్‌లో రక్షణ రంగానికి చెందిన ఒక ఆవరణలో తొమ్మిదేళ్లు సర్వర్లు చూశాను. పని వాళ్లది, జీతం వెండరుది. టెండరు గడువు ముగిసింది. కొత్తగా వచ్చిన ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడు, మరీ తక్కువకి కోట్ చేశాడు. ఆ తగ్గింపు మా జీతాల్లోంచే వస్తుందని కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నా భార్యకి పుదుచ్చేరిలో ఉద్యోగం దొరికింది. సామాను కట్టుకుని వచ్చేశాం.

మొదటి ఇంటర్వ్యూ చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు.

"ఎన్ని సర్వర్లు చూసేవారు?"

"చెప్పకూడదండి."

"ఏ అప్లికేషన్లు నడిచేవి?"

"అదీ చెప్పకూడదు."

"సరే, పెద్ద అవుటేజ్ ఏదైనా వస్తే ఎలా సరిచేశారో చెప్పండి."

"అందులో సిస్టమ్ వివరాలు వస్తాయి కదండీ..."

మధ్యలో కూర్చున్నాయన పెన్నుకి మూత పెట్టేశాడు. "పోనీ, మీరు చెప్పగలిగింది ఏదైనా ఉందా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తూర్పు తీర రోడ్డు (ఈసీఆర్) మీద తిరుగు బస్సులో మూడు గంటలకు పైగా ఆ ప్రశ్నే నమిలాను. సంస్థ రహస్యాన్ని తొమ్మిదేళ్లు కాపాడాను, బాగానే ఉంది. దాంతోపాటు నా పనితనాన్ని కూడా మూటగట్టి అటక మీద పడేశాను. ఈ దారిలో వచ్చేవాళ్లను ఆ తర్వాత చాలామందిని చూశాను. వాళ్లకి నైపుణ్యం తక్కువై ఉద్యోగాలు రాకపోవడం తక్కువ. తమ పనిని అవతలివాడి భాషలో చెప్పుకోలేక రాకపోవడమే ఎక్కువ. మనకి కావలసింది దుబాసీ. జీతమిచ్చి ఎవరినీ పెట్టుకోలేం కాబట్టి ఆ పని మనమే నేర్చుకోవాలి.

ముందు లెక్క తేల్చుకోండి

జులై 14న బీచ్ రోడ్డులోని ఫ్రెంచి యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్తే పతకాలు పెట్టుకున్న పెద్దవాళ్లు కనిపిస్తారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన ఈ ఊరివాళ్లు. వాళ్లకి ఫ్రాన్స్ నుంచి పెన్షన్ వస్తుంది. కలిసి కూర్చోవడానికి 'ఫోయే ద్యు సొల్దా' అనే క్లబ్బు కూడా ఉంది. మన సైన్యం నుంచి బయటికొచ్చేవాళ్లకి దారి చూపడానికీ రక్షణ శాఖ కింద డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ అనే విభాగం ఉంది. శిక్షణ కోర్సులు, ఉద్యోగాలకు సాయం చేస్తుంది.

అవేవీ మీకు వర్తించవు. మీరూ గేటు దగ్గర ఫోను పెట్టెలో వేశారు, పోలీస్ వెరిఫికేషన్ చేయించుకున్నారు, లోపల జరిగింది ఇంట్లో చెప్పలేదు. అయినా కాగితం మీద మీరు వెండరు మనిషి. బీఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలో ప్రాజెక్ట్ ఇంజినీరుగా నేరుగా చేరినా గడువు మూడేళ్లు, పొడిగిస్తే ఇంకొకటి. చేరిన రోజే చివరి తేదీ తెలిసే ఉద్యోగం అది. వెండరు పేరోల్‌లో ఆ తేదీ కూడా తెలియదు. పర్చేజ్ ఆర్డర్ (పీవో) రెన్యువల్ ఎప్పుడంటే అప్పుడే మన గుండెదడ.

అమెరికాలో ఈ పనిలో ఉన్న తెలుగువాళ్ల లెక్క వేరు. అక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్ సాధారణంగా పౌరులకే ఇస్తారు. హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్లూ ఆ తలుపు తెరుచుకోదు. పౌరసత్వం వచ్చి, క్లియరెన్స్ చేతికొచ్చాక ఒక కాంట్రాక్టరు దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి మారినా అది పనికొస్తుంది. ఈ రంగం వదిలి బయటికొచ్చేస్తే మాత్రం దాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి సుమారు రెండేళ్ల గడువు. దాటితే విచారణ మళ్లీ మొదటి నుంచి. అందుకే అక్కడివాళ్లు ప్రైవేటుకి మారే ముందు క్యాలెండర్ చూసుకుంటారు. మనకి చూసుకోవడానికి అలాంటి క్లియరెన్సే లేదు. గేట్ పాస్ గేటు దగ్గరే ఇచ్చేసి వస్తాం.

కాబట్టి చేదుగా మింగకండి, లెక్కగా రాసుకోండి. పెన్షన్ లేదు, పతకం లేదు, క్లియరెన్స్ లేదు. చేతిలో ఉన్నది పనితనం. దాన్ని చెప్పడానికి మాట కావాలి.

చెప్పకూడనిది ఏది, చెప్పదగినది ఏది

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 5వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగులతో ఆగదు. ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు తీసుకున్నవాళ్లనీ, వాళ్ల కింద పనిచేసినవాళ్లనీ విడిగా చెబుతుంది. ఇప్పుడు చేస్తున్నవాళ్లకే కాదు, ఒకప్పుడు చేసినవాళ్లకీ అది వర్తిస్తుంది. అంటే రిలీవింగ్ లెటర్ చేతికొచ్చినా బాధ్యత తీరిపోదు. దానికి తోడు వెండరుకి సంతకం చేసిచ్చిన గోప్యతా ఒప్పందం, ఎన్‌డీఏ ఉంటుంది. మీ దగ్గర కాపీ లేకపోతే మానేసే ముందే హెచ్‌ఆర్‌ని అడిగి తీసుకోండి.

తర్వాత ఒక సాయంత్రం కూర్చుని మూడు కాగితాలు తీయండి.

మొదటి కాగితం మీద ఎప్పటికీ నోరెత్తకూడనివి: ప్రాజెక్టు పేర్లు, సిస్టమ్‌ల సంఖ్య, నెట్‌వర్క్ అమరిక, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, లోపాలు, అధికారుల పేర్లు, ఏ భవనంలో ఏముందో. ఈ కాగితం మీద శీర్షికలే రాయండి, వివరాలు రాయొద్దు. రాసుకున్నదే పారేసుకునే ప్రమాదం ఉంది.

రెండో కాగితం మీద అడిగి తేల్చుకోవాల్సినవి: క్లయింటు సంస్థ పేరు రెజ్యూమేలో వేయొచ్చా? మీ హోదాని ఏమని రాయాలి? దీనికి నోటిమాట చాలదు. వెండరు హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. జవాబు రాకపోతే 'రక్షణ రంగ క్లయింటు' అని రాసి ఊరుకోండి.

మూడో కాగితం మీద మీ చేతుల్లో ఉన్నవి: లినక్స్ అడ్మినిస్ట్రేషన్, ప్యాచింగ్, బ్యాకప్, లాగ్‌లు చదవడం, ఆడిట్‌కి సిద్ధం చేయడం, డాక్యుమెంట్లు రాయడం, కొత్తవాళ్లకి నేర్పడం. నేను మొదటి ఇంటర్వ్యూకి ఈ కాగితం లేకుండా వెళ్లాను.

ఏ వాక్యం ఏ కాగితంలోకి వెళ్తుందో తేలకపోతే ఒక పరీక్ష పెట్టండి. ఈ వాక్యం చదివిన బయటివాడికి ఆ ఆవరణ గురించి కొత్త సంగతి ఒక్కటైనా తెలుస్తుందా? తెలిస్తే కొట్టేయండి. మీ గురించి మాత్రమే తెలిస్తే ఉంచండి. లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌కీ ఇదే పరీక్ష. రెజ్యూమే నలుగురు చదువుతారు, ప్రొఫైల్ లోకమంతా చదువుతుంది.

క్యాలిపర్లు చెప్పే పాఠం

అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో చెప్పిన హైదరాబాద్ సంగతి ఒకటి మీరూ వినే ఉంటారు. అగ్ని క్షిపణి కోసం ఆయన బృందం చాలా తేలికైన పదార్థం ఒకటి తయారుచేసింది. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన ఆ ల్యాబ్‌కి వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడు. చూసి కలాంని తన ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు కాళ్లకి కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి.

పదార్థం అదే. ల్యాబ్‌లో ఉన్నవాళ్లకి అది ఎంత వేడిని తట్టుకుంటుందో, ఎంత బలమో తెలుసు. పిల్లల కాళ్లకి పనికొస్తుందని చూడటానికి రెండు లోకాలూ చూసిన కన్ను కావలసి వచ్చింది. ఆ డాక్టరు చేసింది దుబాసీ పని. క్షిపణి గురించి ఆయనకి ఒక్క రహస్యమూ అక్కర్లేకపోయింది, గమనించండి. బరువు ఎంతో తెలిస్తే చాలింది.

మీ పనిలో అలా చేత్తో ఎత్తి చూపించదగినది ఏమిటి?

"డీవీడీలు మోయడమే కదండీ"

యానాం కుర్రాడొకడు రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చాడు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కాబట్టి అక్కడి పిల్లలు ఇంత దూరం ఇంజినీరింగ్ చదవడానికి వస్తుంటారు. అతనూ ఇక్కడే చదివి, బెంగళూరులో రక్షణ కాంట్రాక్టు పని మూడేళ్లు చేసి, గడువు ముగిసి తిరిగొచ్చాడు. సాయంత్రం ఆరు దాటాక బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. గట్టు మీద కూర్చుని అతని రెజ్యూమే చూశాను. మూడేళ్లకి ఒక్క వాక్యం: 'క్లయింట్ సైట్‌లో సిస్టమ్స్ సపోర్ట్, ప్యాచ్ అప్‌డేట్, రిజిస్టర్ నిర్వహణ.'

"ఇంతేనా?" అన్నాను.

"ఇంకేవుందన్నయ్యా? డీవీడీలు మోయడవే కదండీ."

"ఎలా మోసేవాడివి? మొదటి నుంచి చెప్పు. ఏ సిస్టమ్‌కో వద్దు. నీ చేతులు ఏం చేశాయో చెప్పు."

మొహమాటంగా మొదలుపెట్టాడు. ఇంటర్నెట్ ఉన్న మిషన్ వేరు, పని జరిగే నెట్‌వర్క్ వేరు, రెంటికీ మధ్య తీగ లేదు. బయటి మిషన్ మీద ప్యాచ్ దింపాలి. హ్యాష్ సరిచూడాలి. స్కాన్ చేయాలి. డీవీడీ మీద రాసి, రిజిస్టర్‌లో ఎక్కించి, ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. లోపలికెళ్లాక హ్యాష్ మళ్లీ చూడాలి. ముందు టెస్ట్ మిషన్ మీద వేసి ఆగాలి. తేడా వస్తే వెనక్కి ఎలా తిప్పాలో ముందే కాగితం మీద ఉండాలి. అప్పుడే మిగతావాటి మీద.

"మూడేళ్లలో నా పేజీల్లో కొట్టివేత లేదండి, ఆయ్," అన్నాడు చివర. ఆ మాట దగ్గర గొంతు మారింది.

అక్కడే ఫోన్‌లో కొత్త వాక్యం రాశాం: 'ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌లో లినక్స్ సర్వర్లకు ప్యాచింగ్: ఫైలు మూలం ధ్రువీకరణ, హ్యాష్ తనిఖీ, టెస్ట్ సర్వర్‌పై ముందస్తు పరీక్ష, దశలవారీ అమలు, రోల్‌బ్యాక్ ప్రణాళిక. ప్రతి దశకూ రాతపూర్వక ఆధారం.' అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆవరణ గురించి ఒక్క ముక్క లేదు.

దీనికి విలువ ఎంతో తెలియాలంటే 2024 జులై 19 గుర్తుచేసుకోండి. సైబర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్ ప్రపంచమంతా ఒకేసారి దిగింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ముందు కొద్ది మిషన్ల మీద వేసి, ఆగి చూసి, తర్వాతే అందరికీ వదలాలన్న పాఠం కంపెనీలు ఆ రోజు నష్టపోయి నేర్చుకున్నాయి. యానాం కుర్రాడు అదే పనిని మూడేళ్లు చేసి 'మోయడం' అన్నాడు.

మీ రెజ్యూమేలోని ప్రతి వాక్యాన్నీ ఇలాగే విప్పండి. కొన్ని మచ్చుకి:

'ఆడిట్ వచ్చినప్పుడు ఫైళ్లు చూపించాను' అనే మాటలో సెక్యూరిటీ ఆడిట్‌కి ఆధారాలు సిద్ధం చేయడం, ఎత్తిచూపిన లోపాలను గడువులోగా మూసివేయించడం ఉన్నాయి.

'లోపల గూగుల్ ఉండేది కాదు' అంటే మాన్యువల్స్, మ్యాన్ పేజీలు, లాగ్‌లతోనే సమస్య మూలం పట్టుకోగలరని.

'సార్లకి రిపోర్టు ఇచ్చేవాణ్ని' అంటే ఐటీ తెలియని పెద్దలకి సమస్యను ఒక పేజీలో వివరించి నిర్ణయం తెప్పించగలరని.

'బ్యాకప్ చూసేవాణ్ని' అన్న దగ్గర ఆగండి. తీసిన బ్యాకప్‌ని తిరిగి నిలబెట్టి చూశారా? చూసి ఉంటేనే ఆ మాట రాయండి. దుబాసీ మాట మార్చి చెప్పొచ్చు, లేని మాట పుట్టించకూడదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

గిరాకీ ఎక్కడుంది

క్రమశిక్షణకి ప్రైవేటులో ధర లేదనుకుంటారు. ఇప్పుడు చట్టమే ధర కట్టింది. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలనీ, లాగ్‌లు 180 రోజులు దాచాలనీ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో కంపెనీలను ఆదేశించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాకి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. బ్యాంకులు, పేమెంట్ కంపెనీలు, బీమా, ఆసుపత్రులు, విదేశీ కంపెనీలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో పెట్టుకున్న కేంద్రాలు... వీటికి రిజిస్టర్ రాసే అలవాటున్న మనుషులు కావాలి. ముందు ఈ తలుపులే తట్టండి. పదిమంది కూర్చుని వారానికో యాప్ వదిలే స్టార్టప్‌లో మన మొదటి ఉద్యోగం ఇద్దరికీ ఇబ్బందే.

గేటు దగ్గరే వదిలేయాల్సినవి

అన్ని అలవాట్లూ తెచ్చుకోవద్దు.

నా కొత్త ఉద్యోగంలో మొదటి నెల. ఒక చిన్న మార్పు చేయాలి. అన్నీ రాసి, పరీక్షించి, రెండు రోజులు కూర్చున్నాను. టీమ్ లీడ్ వచ్చి, "ఎవరి సంతకం కోసం ఆగారు?" అని అడిగారు. ఎవరిదో నాకూ తెలియదు. "ఇక్కడ సంతకం మీదే. తప్పైతే చెప్పండి, కలిసి సరిచేద్దాం," అన్నారావిడ. అనుమతి కోసం ఆగడం లోపల సద్గుణం. బయట అది పని ఆపడం. ఏ మార్పుకి ఎవరి ఆమోదం కావాలో చేరిన మొదటి వారంలోనే అడిగి రాసుకోండి.

రెండోది డబ్బు. లోపల సర్వరు కొనడానికి ఫైలు నెలల తరబడి తిరిగేది. వచ్చాక అది ఊరికే తిరిగినా ఎవరికీ పట్టేది కాదు. క్లౌడ్‌లో సర్వరు నిమిషంలో వస్తుంది, బిల్లు కూడా గంటల లెక్కనే నడుస్తుంది. పరీక్ష కోసం లేపిన మిషన్‌ని శుక్రవారం ఆపడం మరిచిపోయి సోమవారం ఒకసారి మాట పడ్డాను. ఏ పని చేసినా 'దీని ఖర్చెంత?' అనే ప్రశ్న పక్కన పెట్టుకోండి.

మూడోది మౌనం. అడిగితే తప్ప మాట్లాడకపోవడం మనకి రక్తంలో కలిసిపోయింది. పొద్దున స్టాండప్‌లో అందరూ నిన్న చేసింది, ఇవాళ చేసేది, అడ్డొచ్చింది చెబుతుంటే నేను 'అంతా బాగానే ఉంది' అని కూర్చునేవాణ్ని. కొన్నాళ్లకి నేనేం చేస్తున్నానో ఎవరికీ తెలియలేదు. రోజూ మూడు వాక్యాలు. అంతకన్నా అక్కర్లేదు, అంతకు తగ్గకూడదు.

90 రోజుల ఇంటి ల్యాబ్

లోపల పాత వెర్షన్ల మీద పనిచేసి ఉంటారు. లోటు ఉన్న మాట నిజమే, పూడ్చుకోలేనంతది కాదు. పాత ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు.

మొదటి 30 రోజులు: గిట్, కొంచెం పైథాన్. మీరు రిజిస్టర్‌లో రాసిందే గిట్ కమిట్‌లో రాస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఎందుకు. మనకి దీని ఆత్మ ముందే తెలుసు, ఆదేశాలే కొత్త.

తర్వాతి 30: ఆన్సిబుల్, డాకర్. చేత్తో చేసిన సెట్టింగులను ఫైలుగా రాయడం.

చివరి 30: ఒక క్లౌడ్. ఏడబ్ల్యూఎస్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది. కొత్త ఖాతాలకిచ్చే ఉచిత వాడకంతో మొదలుపెట్టండి. ఖాతా తెరిచిన రోజే బిల్లు హెచ్చరిక పెట్టుకోండి.

మూడూ కలిపి ఒక ప్రాజెక్టు చేయండి. ఇంటర్నెట్ లేని రెండు వర్చువల్ మిషన్లకి ప్యాచ్‌లు చేర్చే చిన్న పద్ధతి తయారుచేసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో ఎత్తి చూపించే వస్తువు అదే అవుతుంది. ఒక్క కట్టుబాటు: పాత చోట రాసిన స్క్రిప్టుల్లో ఒక్క వరుస కూడా ఇందులో ఉండకూడదు. గుర్తున్నా సరే, అన్నీ కొత్తగా రాయండి.

కాగితాలు, డబ్బు

ప్రైవేటు కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేది మీ పేరోల్ ఎవరిదో వాళ్ల దగ్గర. వెండరు కంపెనీ చిన్నదైతే, మారిపోతే, మూతపడితే ఆ తర్వాత జవాబిచ్చేవాడుండడు. ఆఫర్ లెటర్, అన్ని నెలల పేస్లిప్పులు, ఫారం 16, రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఉద్యోగంలో ఉండగానే పోగుచేయండి. వెండరు మూడుసార్లు మారితే మూడు జతలు కావాలి.

పీఎఫ్ తొందరపడి తీసేయకండి. యూఏఎన్ ఒకటే కాబట్టి కొత్త ఖాతాకి బదిలీ చేసుకుంటే సర్వీసు కలిసివస్తుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. పెన్షన్ అర్హతకి పదేళ్లు కావాలి. తొమ్మిదో ఏట తీసేసుకుని తర్వాత నాలుక కరుచుకున్నవాళ్లు నాకు తెలుసు.

మానేశాక ఫలానా రంగంలో పనిచేయకూడదని వెండరు షరతు పెడితే హడలిపోకండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం బతుకుతెరువుని అడ్డుకునే అలాంటి ఒప్పందం సాధారణంగా చెల్లదు. నోటీస్ పీరియడ్, గోప్యత మాత్రం వేరు. వాటిని తు.చ. తప్పకుండా పాటించండి.

జీతం మాట వచ్చినప్పుడు 'ఇప్పుడెంత?' అన్న ప్రశ్నకి లొంగకండి. టెండరులో ఎల్-1 కోట్ నిర్ణయించిన జీతం మీ విలువకి కొలత కాదు. ఆ ఉద్యోగానికి ఆ ఊళ్లో ఎంతిస్తున్నారో నలుగురిని అడిగి ఒక అంకె సిద్ధం చేసుకోండి. సీటీసీ చూడొద్దు, చేతికెంత వస్తుందో అడగండి.

పుదుచ్చేరిలోనా, చెన్నైలోనా

ఈ ఊళ్లో ఐటీ ఉద్యోగాలు ఉన్నాయి కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్ద సంత చెన్నై ఓఎంఆర్, సుమారు 150 కిలోమీటర్లు. రోజూ తిరిగే దూరం కాదు. వారానికి రెండు మూడు రోజులు ఆఫీసు, మిగతాది ఇల్లు అనే ఉద్యోగమైతే కుదురుతుంది. నేను అలాగే నెగ్గుకొస్తున్నాను. ఉద్యోగం దొరికేలోపు చుట్టూ చూడండి. వైట్ టౌన్‌లో హోటళ్లు, వీధివీధికీ క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లు. వీటిలో ఎన్నింటికి సరైన బ్యాకప్ ఉంది? ఒక క్లినిక్‌కి బ్యాకప్ పెట్టి, తిరిగి నిలబెట్టి చూపించి, రెండు పేజీల సూచనలు రాసిచ్చి రండి. ప్రైవేటు క్లయింటు సంగతి పేరుతో సహా రెజ్యూమేలో వేసుకోవచ్చు, అతను ఒప్పుకుంటే. మీ బతుకులో మొదటిసారి 'చెప్పొచ్చు' అనే పని అది. ఇంకా కాంట్రాక్టులో ఉండగా మాత్రం ఇది చేయకండి, ఒప్పందంలో వేరే పనికి నిషేధం ఉండొచ్చు.

ఈ వారం

సోమవారం ఎన్‌డీఏ కాపీ, కాగితాల జాబితా. మంగళవారం మూడు కాగితాలు. బుధ, గురువారాల్లో రెజ్యూమేలోని ప్రతి వాక్యాన్నీ చేతుల దాకా విప్పడం. శుక్రవారం ఐటీ తెలియని ఇంటిమనిషికి చదివి వినిపించండి. అర్థంకాని చోట గీత గీయమనండి. శనివారం ఆ గీతల చోట మళ్లీ రాయండి. ఆదివారం ఒక నోటు పుస్తకం కొనండి.

ఆ నోటు పుస్తకం ఎందుకంటే, ఆనందరంగ పిళ్లై 27 ఏళ్ల వయసులో 1736లో డైరీ మొదలుపెట్టి, పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన 1761 దాకా తమిళంలో రాశాడు. దొరలు పోయారు, కోట పోయింది, కంపెనీ పోయింది. ఆ రాత మిగిలింది. కొత్త ఉద్యోగంలో రోజూ ఐదు వరుసలు రాయండి. ఏ చిక్కు వచ్చింది, ఏం ఆలోచించారు, ఏం చేశారు. కంపెనీ రహస్యాలు ఇక్కడా వద్దు. మరోసారి ఉద్యోగం మారాల్సి వస్తే అటక మీద వెతుక్కునే పని ఉండదు.

మొదటి ఇంటర్వ్యూ తర్వాత ఏడు వారాలకి ఓఎంఆర్‌లోనే మరో గదిలో కూర్చున్నాను. అదే మొదటి ప్రశ్న వచ్చింది. ఎన్ని సర్వర్లు చూసేవారు?

"సంఖ్య చెప్పలేనండి. ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌కి ప్యాచ్‌లు తప్పు లేకుండా ఎలా చేర్చాలో చెప్పగలను. ఇంట్లో ఒక చిన్న ల్యాబ్ మీద చేసి పెట్టాను. బోర్డు మీద గీయమంటారా?"

ఇంటర్వ్యూ చేస్తున్నావిడ మార్కర్ మూత తీసి నా చేతికిచ్చారు.